కావలి మంచె మీద బీడీ లేకుండా

హోసూరు నుంచి డెంకణికోట దాటి, అడవి మలుపులు దిగితే అంచెట్టి. తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీ అంగట్లో కలిసి వినిపించే ఊరు. బీడీ మానినవాళ్లు ఎట్లా మానగలిగారో వాళ్ల నోటనే వినాలని వెళ్లాను.

ఊరి బయట రాగి చేను పక్కన ఒక పెద్దాయన కూర్చోబెట్టి మాట్లాడాడు. "నాకు బీడీ నేర్పిచ్చింది ఏనుగులే సామీ. రాత్రంతా మంచె మీద కావలి. నిద్దర రాకుండా ఒకటి, చలికొకటి, బయానికొకటి." బీడీ ఆకు తొందరగా ఆరిపోతుంది. ఆరకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అందుకే సిగరెట్టు కంటే బీడీ తేలికన్న మాట నిజం కాదు.

ముందు దేవుడి మీద ఒట్టు పెట్టుకున్నాడట. "మూడోనాడే తప్పితి." అందులో ఆశ్చర్యమేమీ లేదు. మానిన తొలి వారమే అన్నిటికన్నా కష్టం: చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి. ఒక్కో తహతహ మాత్రం కొద్ది నిమిషాలే ఉండి తగ్గిపోతుంది. ఆ కొద్ది నిమిషాలు గడిచే దారి ముందే చూసుకోకపోతే ఒట్టు ఒక్కటే నిలబడదు.

దారి చూపింది ఇంటికి బీపీ చూడను వచ్చిన ఆరోగ్య కార్యకర్త. ఇట్లా ఇంటికే వచ్చి చూసే వైద్య పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది ఈ జిల్లాలోని సామనపల్లిలోనే. "దినానికి ఎన్ని తాగుతావు మామా?" అని అడిగి, ఆమె ఆయన బీడీ కట్ట మీదే అచ్చువేసిన, పొగాకు మానడానికి సలహా ఇచ్చే 1800-11-2356 నంబరు చూపించింది. దక్షిణాది భాషల్లో ఈ ఉచిత సలహా ఇచ్చేది బెంగళూరు నిమ్హాన్స్‌లోని కేంద్రం. "మన తెలుగులోనే మాట్లాడిరి. తిట్టలేదు, యా పొద్దు తాగబుద్ధవుతుందని అడిగిరి."

ఆ ప్రశ్నే ఆయనకు పనికొచ్చింది. కోత అయిపోయి కావలి లేని రోజులు చూసి మానే తేదీ పెట్టుకున్నాడు. అంగట్లో టీ మాని ఇంట్లోనే తాగాడు. పక్క చేను ఆయన్నీ ఒప్పించి ఇద్దరూ ఒకేసారి మానారు. డాక్టరు చెప్పిన నికోటిన్ గమ్‌ను మొదట తమలపాకులా నమిలి ఎక్కిళ్లు తెచ్చుకున్నాడు. దాన్ని చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, బుగ్గన పెట్టుకోవాలి. ఇట్లాంటి నికోటిన్ మందులు వాడితే మానగలిగే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది.

మరుసటేడు కావలిలో ఒక రాత్రి ఒక బీడీ తాగేశాడు. "పోయినాదిలే అనుకోకుండా తెల్లారి మళ్లా ఫోన్ చేస్తి." నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. చాలామంది ఒక్కసారికే మానలేరు. జారిన మర్నాడు ఏం చేశారన్నదే లెక్క. ఇప్పుడు ఇద్దరూ ఒకే మంచె ఎక్కుతున్నారు, ఫ్లాస్కులో వేడి జీలకర్ర నీళ్లు, చేతిలో టార్చి, కొట్టను ఒక రేకు డబ్బా.

రాగి వెన్ను వేయకముందే, కావళ్లు మొదలుకాకముందే, ఇక్కడి ఆరోగ్య కేంద్రం మంచెలెక్కే రైతులందరినీ పిలిచి ఈ ఏర్పాట్లు నేర్పాలి. గమ్ కూడా అక్కడే ఉచితంగా ఇవ్వాలి.