పాఠం మోసుకుపోయే పిల్లలు

కొల్లాపూర్ బస్టాండులో దిగేసరికి ఉదయం ఎనిమిదయింది. జనవరి చలి ఇంకా వదల్లేదు. ఊరి చుట్టూ మామిడి తోటలు పూత మీదున్నాయి. ఆ వాసన బస్సులోకే వచ్చింది. సురభి వంశపు రాజులు జటప్రోలు నుంచి మకాం మార్చి రాజధాని చేసుకున్న ఊరిది. వాళ్ల కోట ఇప్పటికీ ఉంది. టీ కొట్టు దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం కోట ఊసెత్తలేదు. తన పేరైనా చెప్పకముందే "నేను ఆర్‌ఐడీల చదివిన" అన్నాడు, ఇంటిపేరు చెప్పుకున్నట్టు. రాణి ఇందిరాదేవి పేరు మీదున్న బడి అది. చదివొచ్చిన బడిని మనిషి జీవితాంతం ఒంటిమీద మోస్తాడని ఆ ఒక్క మాటతో అనిపించింది.

నేను వెళ్లాల్సింది సోమశిల దారిలోని ఒక చిన్న ప్రభుత్వ బడికి. పేరు రాయనని హెడ్‌సారుకు మాటిచ్చాను.

ఏడో తరగతిలో హాజరు పిలుపు ఒక పేరు దగ్గర ఆగింది. "పత్తికి పోయింది సార్" అని నలుగురు ఒక్కసారే అన్నారు. ఈ పాలమూరు ప్రాంతంలో ఇది కొత్త మాట కాదు. ఇంటిల్లిపాదీ మూట కట్టుకుని వలసపోయిన చరిత్ర ఈ నేలది. సారు విసుక్కుంటారేమో అనుకున్నాను. ఆయన రిజిస్టరు మూసి, సొరుగులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. అట్ట చిరిగి, దారంతో కుట్టి ఉంది. లోపల రెండే గడులు. ఒకదానిలో బడికి రానివాళ్ల పేరు, రెండోదానిలో ఆ రోజు పాఠం వాళ్లింటికి ఎవరు తీసుకుపోతారో వాళ్ల పేరు. ఆ అమ్మాయి పేరుకు ఎదురుగా అదే వాడలో ఉండే ఒక అబ్బాయి పేరు రాశారు. పక్కన పెన్సిలుతో "లెక్కలు, సోషల్".

ఇంటర్వెల్లో ఆ అబ్బాయిని పలకరించాను. సాయంత్రం ఆడుకోవా అని అడిగితే, "ఆడుకుంట సార్. ముందుగాల ఆమెకు చెప్పి పోత. మొన్న నాకు జరమొస్తే ఆమెనే తెచ్చింది" అన్నాడు.

నా చిన్నప్పటి బడి గుర్తొచ్చింది. మా తరగతిలో గొడ్లను తోలి వచ్చే పిల్లవాడొకడు రోజూ ఆలస్యమయ్యేవాడు. వాణ్ని గుమ్మం బయట మోకాళ్ల మీద నిలబెట్టేవారు. నవ్వమని మాకెవరూ చెప్పలేదు, అయినా నవ్వేవాళ్లం. వాడు ఆరో తరగతితో చదువు మానేశాడు. నీతి పద్యాలు అప్పజెప్పడంలో మా తరగతిదే పైచేయి. ఆలస్యంగా వచ్చినవాడు కనబడితే చాలు, సోమరి అని మనసులో ముద్ర వేసే అలవాటు ఉద్యోగంలో చేరాక కూడా నన్ను వదల్లేదు. అది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఆ గుమ్మం దగ్గరే నేర్చుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బంతి తగిలి కిటికీ అద్దం పగిలింది. ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చి "నేనే సార్" అన్నాడు. "కాలికి గుచ్చుకోలే కదా?" అన్నారు సారు. తర్వాత ఇద్దరూ గొంతుకూర్చుని పెంకులు ఏరి పాత పేపర్లో మూటగట్టారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్ కింద, పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. బెత్తం పోతే క్రమశిక్షణ పోయిందని బాధపడేవాళ్లు ఆ పిల్లవాడి గొంతు ఒకసారి వినాలి. వీపు మీద దెబ్బ పడే చోట అబద్ధమే పిల్లలకు దిక్కు. ఇక్కడ వాడికి ఆ అవసరం రాలేదు.

ఇలా పిల్లల్ని నమ్మే బడి ఏం చేయగలదో చెప్పే సంగతి ఒకటుంది. ఈ ఉమ్మడి పాలమూరు జిల్లాలోని అలంపూర్ బిడ్డ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న రోజుల్లోనే, తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. నువ్వు చేయగలవు అని బడి నమ్మి పంపితే ఒక గిరిజన బాలిక అంత ఎత్తుకు వెళ్లింది.

సాయంత్రం సోమశిల దాకా వెళ్లాను. శ్రీశైలం జలాశయం నీళ్లు కనుచూపు మేర పరచుకుని ఉన్నాయి. ఆ నీళ్లలో మునిగిపోయే పాత గుడిని విప్పి తెచ్చి ఒడ్డున మళ్లీ కట్టారు. రేవు దగ్గర కూర్చున్న ఒక తాత నీళ్ల వైపు చెయ్యి చూపి, "మా బడి ఆడున్నది, అడుగున" అన్నాడు. తనది దళితవాడ అని చెప్పాడు. "మాకు దోసిట్ల పైకెళ్లి పోసేటోళ్లు నీళ్లు. కొత్త సారొచ్చిండు. కుండల గ్లాసు ముంచి సగం తాగి, మిగిలింది నా చేతికిచ్చిండు. అందరి ముంగట." తాత కాసేపు మాట్లాడలేదు. "ఆయన చెప్పిన పాఠం ఒక్కటి గూడ యాదికి లేదు సారూ. ఆ గ్లాసు మాత్రం యాదికున్నది. ఆనాటికెళ్లి ఎవ్వని ముంగట తల వంచలే."

తిరిగొచ్చేసరికి పొద్దు గూకింది. వాడ మొదట్లో పత్తి కూలీల ఆటో ఆగింది. రోడ్డు పక్క బండ మీద పొద్దుటి అబ్బాయి నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆటో దిగిన అమ్మాయి వాణ్ని చూసి, "ఆగు, చేతులు కడుక్కొని వస్త, బుక్కు ఖరాబైతది" అంటూ ఇంట్లోకి పరుగెత్తింది. వాడు వీధి దీపం కిందికి జరిగి, లెక్కల పేజీ తెరిచాడు.