ఒక స్టేషన్‌లో దిగి, మరో స్టేషన్‌కు నడిచి

ఇంగ్లండులో వున్న కొడుకు దగ్గరకో, కూతురి దగ్గరకో ఆరు నెలలకని వెళ్లే తల్లిదండ్రులు బయలుదేరే ముందు నా దగ్గరకు వచ్చి మందుల చీటీ రాయించుకుంటారు. ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత శ్రద్ధగా మాత్రలు లెక్కపెట్టి సర్దుకుంటారు. తిరిగి వచ్చాక మళ్లీ కనపడతారు. చాలామందికి నాలుగైదు కిలోలు బరువు పెరిగి వుంటుంది. పరగడుపు చక్కెర పెరిగి వుంటుంది. మోకాళ్లు బిగుసుకుపోయి వుంటాయి. "మందులు ఒక్కపూట కూడా మానలేదండీ డాక్టరుగారూ" అంటారు. నిజమే, మందులు మానలేదు. మానింది నడక.

ఇక్కడ వున్నప్పుడు మనం నడుస్తున్నామన్న స్పృహ లేకుండానే నడుస్తాం. పాలపాకెట్టుకని, కూరలకని, గుడికని, పక్కవీధిలో పెళ్లిమాటలకని రోజుకు గంటసేపైనా కాళ్లు కదులుతాయి. అక్కడ పిల్లలు ఉద్యోగాలకు పోతే మూసిన తలుపులు, కిటికీ అవతల వాన. పొద్దు గడవక నాలుగుసార్లు టీ, టీతో బిస్కెట్లు. తిండి తగ్గదు సరిగదా, తోచక ఇంకాస్త పెరుగుతుంది. "వాకింగ్‌కు వెళ్లమ్మా" అని పిల్లలు చెబుతూనే వుంటారు. ఎక్కడికి వెళ్లాలి, ఎంతదూరం వెళ్లాలి, అలిసిపోతే ఎలా తిరిగి రావాలి అన్నది మాత్రం చెప్పరు. పెద్దవాళ్లను గుమ్మంలోనే ఆపేసేది చలి కాదు, ఈ మూడు ప్రశ్నలు.

నేను కళ్లారా చూసిన ఊరు గనుక హడర్స్‌ఫీల్డ్ సంగతి చెబుతాను. ఉత్తర ఇంగ్లండులో లీడ్సుకూ మాంచెస్టరుకూ మధ్య వున్న ఊరు. ఒకప్పుడు ఉన్ని బట్టల మిల్లులకు పేరు మోసింది. మా మేనల్లుడు ఆ ప్రాంతంలోనే ఆస్పత్రిలో పని చేస్తున్నాడు. కోడలి పురిటికని మా అక్కయ్య వెళ్లింది. ఆమెకు అరవై ఆరేళ్లు, పదమూడేళ్లుగా చక్కెర జబ్బు. వెళ్లిన మొదటి వారంలోనే వాకిట్లో తడిసిన రాతిమెట్టు మీద జారింది. ఎముకకేమీ కాలేదు గాని భయం పట్టుకుంది. మూడు నెలలు గడప దాటలేదు. నేను సెలవు పెట్టి వెళ్లేసరికి సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి, రాత్రి నిద్ర లేదు, పరగడుపు చక్కెర 130 దగ్గర వుండేది 190 దాటింది. వీటన్నిటికంటె నన్ను కలవరపెట్టింది మరొకటి. ఎత్తుకుని పడిపోతానేమోనని ఆవిడ మనవణ్ణి చేతుల్లోకి తీసుకోవడమే మానేసింది. ఎవరినో చూడటానికి వెళ్లి, వాళ్లని దూరం నుంచి చూస్తూ కూర్చుంది. తిరుగు టిక్కెట్టు ముందుకు జరిపించమని కొడుకును రోజూ అడుగుతోంది.

రక్తపోటు చూశాను. గుండె విన్నాను. పాదాల్లో నాడి అందుతోందా, దూదితో తాకితే స్పర్శ తెలుస్తోందా అని పరీక్షించాను. నడవటానికి అడ్డమేమీ కనపడలేదు. అయితే ఆ ఊళ్లో వీధులన్నీ కొండవాలు మీద వున్నాయి. ఎటు తిరిగినా ఎత్తో పల్లమో. భయపడిన మనిషికి అది పనికిరాదు. ఆమెకు కావలసింది చదునైన దారి. అది కాలువ గట్టు మీద దొరికింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నీటికి ఎత్తుపల్లాలు గిట్టవు, రైలుకూ అంతే. అందుచేత ఆ దేశంలో మొదట కాలువ తవ్వినవాళ్లూ, తరవాత పట్టాలు వేసినవాళ్లూ ఒకే లోయను వెతుక్కున్నారు. ఫలితంగా కాలువా రైలూ చాలా చోట్ల పక్కపక్కనే పోతాయి. నాలుగైదు కిలోమీటర్లకొక స్టేషన్. ఒక స్టేషన్‌లో దిగి, గట్టు మీద నడిచి, తరవాతి స్టేషన్‌లో బండెక్కి ఇంటికి రావచ్చు. వచ్చిన దారినే వెనక్కి నడవక్కరలేదు. దూరం ముందే తెలుస్తుంది. ఇంతకంటె మంచి మందుచీటీ నేను రాయలేను.

హడర్స్‌ఫీల్డ్ స్టేషన్ ముఖద్వారం స్తంభాలు చూస్తే ఏదో దేవాలయం అనుకుంటాం. ఆ ఊళ్లోనే పుట్టిన మాజీ ప్రధాని హెరాల్డ్ విల్సన్ విగ్రహం స్టేషన్ ఎదుటే వుంది. అక్కడ మాంచెస్టరు వైపు పోయే ఆగుడు బండి ఎక్కితే సుమారు పావుగంటలో మార్స్‌డెన్ వస్తుంది. స్టేషన్ పక్కనే కాలువ. దాని పేరు హడర్స్‌ఫీల్డ్ నారో కెనాల్. పొడవు 20 మైళ్లు, లాకులు 74. మార్స్‌డెన్ స్టేషన్ దగ్గర వున్నది ఈ వైపు వరసలో చివరిదైన 42వ లాకు.

దాన్ని చూడగానే మా అక్కయ్య, "ఒరేయ్ తమ్ముడూ, ఇవి లాకులు గదరా! మన విజ్జేశ్వరం లాకుల్లాంటివే" అంది. మూడు నెలల్లో ఆమె గొంతు అలా లేవడం అదే మొదలట. మాది గోదావరి కాలువ గట్టున వున్న పల్లె. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆ కాలువల్లో పడవలు లాకులు దాటుకుంటూ తిరిగేవి. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్ల సంగతి మా ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నాం. ఈ కాలువ మీద ఆ పని గుర్రాలు చేశాయి. తలుపు మూస్తే నీరెలా నిండుతుందో, పడవ మెట్టు మీద మెట్టుగా ఎలా లేస్తుందో మేనల్లుడికి ఆవిడే విడమరచి చెప్పింది. ఆరేళ్లుగా ఆ లోయలో వుంటున్నవాడు నోరు తెరుచుకుని విన్నాడు.

స్టేషన్ నుంచి కొండవైపుగా అర మైలు పోతే కాలువ సొరంగంలో దూరుతుంది. పేరు స్టాండెడ్జ్. 1794లో పని మొదలుపెడితే 1811కు గాని పడవ పోలేదు. పొడవు ఐదు కిలోమీటర్ల పైమాటే. బ్రిటన్‌లో ఇంతకంటె పొడవైన కాలువ సొరంగం లేదు. లోపల గట్టు లేదు కనక గుర్రాన్ని కొండ మీదుగా తోలుకుపోయేవారు. పడవలో మనుషులు వెల్లకిల పడుకుని, పాదాలతో గోడలను తన్నుతూ ముందుకు నడిపించేవారు. సరుకు నిండిన పడవ అవతలకు చేరడానికి మూడు గంటలు పట్టేదట. పిక్కలకు ఎంత శక్తి వుందో చెప్పడానికి వైద్య విద్యార్థులకు ఇంతకంటె మంచి పాఠం నేనెరగను. రైళ్లు వచ్చాక కాలువ పని తగ్గిపోయింది. 1944లో మూతపడి, తిరిగి 2001లో తెరుచుకుంది. ఇప్పుడు విహారపు పడవలు పోతాయి.

ఆ పిక్కల సంగతే మా అక్కయ్యకూ వర్తిస్తుంది. కూర్చుని వుంటే కాళ్లలోని రక్తం పైకి రావడానికి సాయముండదు. అడుగు వేసినప్పుడల్లా పిక్కకండరం బిగిసి రక్తాన్ని పైకి పిండుతుంది. కదిలే కండరం రక్తంలోని చక్కెరను కూడా లాక్కుంటుంది. కాళ్ల వాపుకు నీరు పోయే మాత్ర ఇమ్మని మేనల్లుణ్ణి అడిగిందట. గుండె, మూత్రపిండాలు బాగున్నాయని తేలాక నేను వద్దన్నాను. (ఒక కాలే వాచినా, వాపుతో పాటు ఆయాసమున్నా సంగతి వేరు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి.)

మొదటిరోజు మూడు లాకులే. 39 అంకె కనపడగానే వెనక్కి తిప్పాను. రెండు రోజులాగి ఆరు లాకులు. లాకుకు లాకుకు మధ్య దారి బల్లపరుపుగా వుంటుంది, లాకు పక్కన మాత్రం కాస్త వాలు. అక్కడ కర్ర ఆనించి పక్కగా దిగమన్నాను. మోకాళ్లు అరిగినవాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే బాధ. రైలెక్కని రోజుల్లో ఊళ్లోని గ్రీన్‌హెడ్ పార్కులో భోజనమయ్యాక ఇరవై నిమిషాలు. మూడో వారం మొదట్లో తరవాతి స్టేషన్ దాకా, అంటే దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు నడిచింది. ఆ ఊరి పేరు కాగితం మీద స్లెయిత్‌వెయిట్, అక్కడివాళ్ల నోట స్లావిట్. ఇంగ్లీషు అక్షరాలకు న్యాయం లేదని మా అక్కయ్య ఏనాడో తేల్చింది. అక్కడ కాలువ వీధి పక్కనుంచే పోతుంది, టీ దుకాణాలున్నాయి. స్టేషన్‌కు మాత్రం కొంత ఎత్తెక్కాలి. కూర్చుని, టీ తాగి, ఆ తరవాత ఎక్కండి.

చక్కెర 190 నుంచి 150కి దిగింది. మందు మార్చలేదు. జబ్బు నయమైందని నేననను. పాదాల వాపు తగ్గింది, రాత్రి ఐదారు గంటలు నిద్రపోయింది. ఒక ఉదయం నేను లేచేసరికి మనవణ్ణి భుజాన వేసుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది. టిక్కెట్టు సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఎంత వేగంగా నడవాలని చాలామంది అడుగుతారు. పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు చెబుతుంది. పెద్దవాళ్లు దాన్ని చిన్న ముక్కలుగా పంచుకోవచ్చు. నడుస్తుండగా ఛాతీ పట్టేసినా, దవడకో ఎడమచేతికో నొప్పి పాకినా అక్కడే ఆగి సాయం పిలవాలి. చలిగాలి గుండెజబ్బు వున్నవారికి నొప్పి తెప్పిస్తుంది, మఫ్లరు మరవకండి. ప్రతిసారీ ఒకే దూరానికి పిక్క పట్టేసి, నిలబడగానే పోతుంటే అది వయస్సు కాదు. కాలి రక్తనాళం సన్నబడిందేమో చూపించుకోవాలి. ఇన్సులిన్ గాని, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు జేబులో గ్లూకోజు పెట్టుకోందే గట్టెక్కవద్దు.

ఆడవాళ్లు పైకి చెప్పని ఇబ్బంది ఒకటుంది. దారిలో మరుగుదొడ్డి వుంటుందో లేదోనని పొద్దుటినుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. తల తిరగడం, మూత్రంలో మంట అక్కడే మొదలవుతాయి. చిన్న స్టేషన్లను నమ్ముకోక హడర్స్‌ఫీల్డ్ స్టేషన్‌లోనే పని చూసుకుని బయలుదేరండి, నీళ్లు తాగండి.

కాళ్లకు బలం వచ్చినవాళ్లు హాలిఫాక్స్‌లో బండి మారి హెబ్డెన్ బ్రిడ్జి వెళ్లవచ్చు. అక్కడినుంచి టాడ్‌మోర్డెన్ దాకా రోచ్‌డేల్ కాలువ గట్టున సుమారు ఏడు కిలోమీటర్లు. లీడ్సు మీదుగా బింగ్లీ వెళితే ఐదు లాకులు మెట్లలా ఒకదానిమీదొకటి కనపడతాయి. 1774 నాటివి. అక్కడినుంచి సాల్టేర్ దాకా ఐదు కిలోమీటర్లు, దాదాపు అంతా చదునే. మార్స్‌డెన్ పైన బీడుకొండలు చాలా బాగుంటాయి గాని అవి కుర్రవాళ్లకు. బురద, గాలి, గడ్డిలో పిడుదులు. ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపుకోవాలి.

గట్టు మీద సైకిళ్లు వెనకనుంచి వస్తాయి. గంట వినపడితే నీటివైపు కాక లోపలి అంచుకు జరగండి. లాకు తలుపుల మీదుగా దాటవద్దు. కాలువ నీటిలో చేతులు పెట్టవద్దు, పుండు వుంటే మరీను. ఎలుక జ్వరం మన వరిచేలకే పరిమితం కాదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది కనక పదకొండుకే బయలుదేరాలి. జూనులో రాత్రి తొమ్మిదింటికీ వెలుగే. లైను మరమ్మతుల రోజుల్లో రైలుకు బదులు బస్సు వేస్తారు, ముందురోజే కనుక్కోండి.

బూట్లు ఇక్కడే కొనుక్కుని, ఇక్కడే పది రోజులు తొడిగి మెత్తబరచుకుని వెళ్లండి. చక్కెర జబ్బు వున్నవారు ఇంటికి రాగానే తడి మేజోళ్లు విప్పి, వేళ్ల సందులు తుడిచి, అరికాలు కింద అద్దం పెట్టి చూసుకోవాలి. బొబ్బ వుంటే చితపవద్దు. అది మానేదాకా గట్టు మొహం చూడవద్దు.