షెఫీల్డు మిట్టల్లో సైకిలు బాటలు

మన సంఘంలో నుండి చదువుకోసం, ఉద్యోగం కోసం ఇంగ్లాండు వెళ్లిన బిడ్డలు ఇప్పుడు తక్కువేమీ లేరు. వారిలో కొందరు సెలవు దొరికితే సైకిలు వేసుకుని అడవుల్లోకి పోతున్నారు, ఇదేమి అలవాటు అయ్యగారూ అని ఇక్కడి పెద్దలు మమ్మల్ని అడుగుతున్నారు. గత ఆగస్టులో మా చెల్లెలి కుటుంబం పిలిస్తే మేమిద్దరం లీడ్స్ వెళ్లి మూడు వారాలున్నాం. అక్కడినుండి షెఫీల్డుకు రైల్లో గంట ప్రయాణం. వెళ్లి ఆ బాటలు కళ్లారా చూశాం. చూసింది రాస్తున్నాం.

షెఫీల్డు ఉక్కుకూ కత్తులకూ పేరుపడిన నగరం. అయినా నగర సరిహద్దులో దాదాపు మూడో వంతు పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులోనే ఉంది. ఇళ్ల వరస అయిపోతే అడవి, అడవి దాటితే మూర్. మూర్‌కు మన భాషలో సరైన మాట మాకు దొరకలేదు. చెట్లు లేని ఎత్తైన బీడు అనుకోండి. కింద నీళ్లు పీల్చుకున్న నల్లటి పీట్ నేల, పైన మోకాలెత్తు హెదర్ పొదలు. ఆగస్టులో ఆ మిట్టంతా వంకాయ రంగు పూత. స్టానేజ్ ఎడ్జ్ అనే రాతి గట్టు కింద, ఎప్పుడో చెక్కి అమ్ముడుపోక వదిలేసిన తిరుగుడు రాళ్లు గడ్డిలో పడి ఉన్నాయి. ఒక్కొక్కటి మన ఎడ్లబండి చక్రమంత. గాలి మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు. ఎండాకాలం అంటారు గాని మేము స్వెటర్ తీసింది లేదు.

ఇక బాటల సంగతి. మన పల్లెల్లో డొంక ఉంది, పొలం గట్టూ ఉంది. డొంకన బండి తోలుకుపోతే అడిగేవారుండరు. గట్టు మీద నడిస్తే ఊరుకుంటారు, బండి దింపితే కర్ర పట్టుకొస్తారు. అక్కడ ఆ తేడా చట్టంలోనే రాసుకున్నారు. ఫుట్‌పాత్ అంటే మనం అనుకునే రోడ్డు పక్క అరుగు కాదు. పొలాల్లో, అడవిలో నడిచేవారికి మాత్రమే ఉన్న కాలిబాట. బ్రైడిల్‌వే అంటే గుర్రాల బాట. 1968 నాటి కంట్రీసైడ్ చట్టం సైకిళ్లకు కూడా ఆ బాటన వెళ్లే హక్కు ఇచ్చింది. అయితే నడిచేవారికీ, గుర్రాల మీద వచ్చేవారికీ తప్పుకోవలసింది సైకిలువాడే. గేట్ల మీద బాణం గుర్తులుంటాయి: పసుపుదైతే కాలిబాట, నీలమైతే గుర్రాల బాట. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో కాలిబాటకు ఆకుపచ్చ పొట్టి గీతలు, గుర్రాల బాటకు పొడుగు గీతలు. కిలోమీటరుకు నాలుగు సెంటీమీటర్ల పటమది. గోడ ఎక్కడుందో, గేటు ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

మూర్ మీద బాట వదిలి నడిచే హక్కు 2000 సంవత్సరపు చట్టంతో వచ్చింది. అది కాలికే, చక్రానికి కాదు. దాని వెనక 1932 ఏప్రిల్ 24 ఉంది. ఆ రోజు కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది, ఎక్కువమంది మాంచెస్టర్ వైపు కార్మికులు, వద్దన్నా నడిచివెళ్లారు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. ఈ సంగతి విన్నాక పసుపు బాణం ఉన్న గేటు దగ్గర సైకిలు ఆపడం మాకు చాదస్తమనిపించలేదు. (స్కాట్లండ్‌లో ఉన్న మన పిల్లలకు వేరే లెక్క. అక్కడి 2003 చట్టం సైకిలుకు కూడా చాలా చోట్ల స్వేచ్ఛ ఇస్తుంది, బాధ్యతగా ఉండాలన్న షరతుతో.)

మాకు ఈ బాటలు చూపించింది మన సంఘంలో బాప్తిస్మం పొందిన బిడ్డే. పేరు రాయము. ఎమ్మెస్సీ పూర్తయింది, ఉద్యోగం రాలేదు, వీసా గడువు దగ్గరపడుతోంది, రాత్రిళ్లు గోడౌనులో పని. ఇంటికి ఫోన్లు తగ్గిపోయాయి. ఒంటరిగా అడవికి పోతున్నాడని స్నేహితుల ద్వారా తెలిసి వాళ్లమ్మ మా ఇంటికి వచ్చి కూర్చుంది. ఆమె నోటితో అనలేదు గాని ఆమె భయం ఏమిటో మాకు అర్థమైంది. ముగ్గురం ప్రార్థన చేసుకున్నాం. అందుకే షెఫీల్డు వెళ్లింది.

హౌండ్‌కర్క్ రోడ్డనే పాత బండ్ల దారిన, మిట్ట మీద, అతను సైకిలు నడిపించుకుంటూ మా పక్కన వచ్చాడు. మేము తిప్పి తిప్పి అడగలేదు. బాబూ, చచ్చిపోవాలని అనిపిస్తోందా అనే అడిగాం. చాలాదూరం మాట్లాడలేదు. తరువాత, చలికాలంలో అనిపించింది అయ్యగారూ, ఇప్పుడు లేదు అన్నాడు. "గదిలో ఉంటే రాని ఉద్యోగాల గురించే ఆలోచన. ఇక్కడ ముందు చక్రం కిందికి ఏ రాయి వస్తుందో చూసుకోవడంతోనే సరిపోతుంది." అమ్మగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటే, గాలికి అమ్మగారూ అని అతనే సర్దిచెప్పాడు. ఇలాంటి మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరు భయపడతారు. మా అనుభవంలో అడగకపోవడమే ఎక్కువ కీడు చేసింది.

మొదట్లో అతను ఫోనులో యాప్ చూసుకుని వెళ్లేవాడట. ఎక్కువమంది తిరిగిన చోట గీత ఎర్రగా కనబడుతుంది. తిరిగినట్టు తెలుస్తుంది, తిరిగే హక్కు ఉందో లేదో తెలియదు. పాత సైకిలు కొన్న దుకాణంలో ఒక పెద్దాయన పటం పరచి, ఏవి మనవి, ఏవి కావు అని పెన్సిలుతో గీసి ఇచ్చి, శనివారం పార పట్టుకుని రమ్మన్నాడట. లేడీ కానింగ్స్ ప్లాంటేషన్ అనే పైన్ తోటలో సైకిళ్ల కోసమే వేసిన బాటలున్నాయి. వాటికి సైకిలు తొక్కేవారే డబ్బు పోగుచేశారు. అలాంటి బాటలకు రంగులుంటాయి: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు, నలుపు అన్నిటికంటే కష్టం. (గేటు మీద నీలం వేరు, ఈ నీలం వేరు. మేమూ కాసేపు తికమకపడ్డాం.) ఇప్పుడు ఒంటరిగా పోవడం లేదు. నలుగురైదుగురున్నారు, ఎక్కువమంది రిటైరైనవాళ్లే. వాళ్లమ్మకు ఆ సాయంత్రమే ఫోను చేయించాం. ఇంటి దగ్గర పార ముట్టుకోనివాడు అని ఆమె నవ్వింది.

తల్లులు అడిగేవాటికి జవాబులు. పులులు, ఎలుగులు లేవు. విషమున్న పాము యాడర్ ఒక్కటే, అలికిడికి తప్పుకుపోతుంది. పాముకంటే పిడుదులు నయం కాదు, లైమ్ అనే జబ్బు తెస్తాయి. ఇంటికొచ్చి కాళ్లు చూసుకోవాలి. మార్చి నుండి జూలై దాకా పక్షులు నేలమీదే గుడ్లు పెడతాయి, బాట దిగకూడదు. దెబ్బ తగిలితే 999కి ఫోను చేసి పోలీసును, తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వాళ్లు స్వచ్ఛందంగా వస్తారు, డబ్బు తీసుకోరు. ఎటు పోతున్నారో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లమనండి. ఆదివారమైతే ఆరాధన అయ్యాకే వెళ్లమనండి. ఇది మా మాట.

మొన్న ఫోనులో ఆ బిడ్డ, ఈ శనివారం బాట పక్క కాలువలు తీస్తున్నాం అన్నాడు. వానైతే మానేస్తారా అని అడిగాం. వాన పడితేనే అయ్యగారూ, నీళ్లు ఎటు పోతున్నాయో కనబడేది అన్నాడు.