ఓడెక్కే ముందు బీమా మాట

మా ఊరు రేగొండలో బీమా అంటే జనానికి తెలిసినవి రెండు. ఒకటి రైతుబీమా. 2018 ఆగస్టులో మొదలైంది. పట్టా పుస్తకం ఉండి, వయసు 18 నుంచి 59 లోపున్న రైతు ఏ కారణంతో పోయినా నామినీ ఖాతాలో 5 లక్షలు పడతాయి. ప్రీమియం సర్కారే కడుతుంది. పాము కరిచిందా, గుండె ఆగిందా అన్న విచారణ ఉండదు. రెండోది పంట బీమా. ఆ మాటెత్తితే మా పత్తి రైతు ముందు ఓ నవ్వు నవ్వుతాడు. మునిగింది అతని చేను, నష్టం లెక్కగట్టేది మాత్రం ఊరి మొత్తానికో మండలం మొత్తానికో. పక్కోళ్ల చేన్లు బాగుంటే అతని చేను కూడా కాగితం మీద బాగున్నట్టే. 2020లో తెలంగాణ ఆ కేంద్ర పథకం నుంచి బయటికొచ్చాక చాలామంది దాని ఊసే మరిచారు.

అందుకే హన్మకొండలో మాకు ఓడ టికెట్లు చేసిన పిల్లగాడు "సార్, ఇన్సూరెన్స్ గూడ కొట్టాల్నా?" అని అడిగితే, నా పక్కన కూర్చున్న బామ్మర్ది ఎదురు ప్రశ్న వేశాడు.

"ఇది రైతుబీమా లెక్కనా, పంట బీమా లెక్కనా?"

ఆ పిల్లగాడికి అర్థం కాలేదు. నాకు మాత్రం అంతకన్నా మంచి ప్రశ్న తట్టలేదు. బామ్మర్దికి ఇందులో సొంత బాధ కూడా ఉంది. ఈ మధ్యే 60లో పడ్డాడు. రైతుబీమా జాబితాలోంచి పేరు పోయింది. "60 నిండినోనికి సావు రాదనుకున్నరేమో" అని ఊళ్లో కనిపించిన ప్రతివాడితోనూ అంటున్నాడు.

ఓడెక్కాలన్న కోరిక మా ఆవిడది. మా వైపు పెద్ద నీళ్లంటే చెరువు, ఇంకా పెద్ద నీళ్లంటే కాళేశ్వరం దగ్గర గోదావరి. 2022 జూన్‌లో కార్డీలియా అనే విహార నౌకల కంపెనీ వాళ్ల 'ఎంప్రెస్' నౌక విశాఖపట్నం వచ్చినప్పుడు టీవీలో చూసి మనసు పడింది. 2025 వానాకాలంలో మళ్లీ విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి తిప్పుతున్నారని తెలిసింది. పత్తి గింజలు పెట్టుడు అయిపోయాక పోదామని మేమిద్దరం, బామ్మర్ది, వాళ్లావిడ, నలుగురం తయారయ్యాం.

ఊళ్లో అందరిదీ ఒకటే మాట: సముద్రంల మునిగితే? ఆ భయాన్ని నవ్వి కొట్టిపారేయలేను. రేగొండ నుంచి భూపాలపల్లి పోయే దారిలో మోరంచపల్లి ఉంది. 2023 జూలై 27న తెల్లారకముందే మోరంచవాగు ఆ ఊరి మీద పడ్డది. ఆ 24 గంటల్లో పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. జనం ఇళ్ల కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి వాళ్లను బయటికి తెచ్చాయి. కొందరు దక్కలేదు. "ఇంట్ల పండుకుంటేనే వాగొచ్చింది బావా, ఓడకేం భయపడుతం" అని బామ్మర్ది తేల్చేశాడు. ఆడవాళ్లిద్దరూ ముందురోజే కోడవటంచ పోయి లక్ష్మీనరసింహస్వామికి మొక్కివచ్చారు. ఆ పాలసీకి ప్రీమియం ఒక కొబ్బరికాయ.

బస్సులో పరకాల, అక్కణ్నుంచి హన్మకొండ, ఆపైన కాజీపేట. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాం. పిల్లగాడు పంపిన పాలసీ కాగితాలు ఫోన్లో ఉన్నాయి. కావాలో వద్దో ఆ రాత్రిలోగా చెప్పమన్నాడు.

కాజీపేటలో కూర్చుని ఈ సంగతి ఆలోచిస్తుంటే కడిపికొండ గుర్తుకు రాకుండా ఉండదు. ఆ ఊరు అక్కడికి కూతవేటు దూరం. 2019 సెప్టెంబర్ 15న కడిపికొండ నుంచి 14 మంది పాపికొండలు చూడటానికి 'రాయల్ వశిష్ఠ' బోటెక్కారు. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర, వరద గోదావరి సుడిలో బోటు తిరగబడ్డది. ఆ 14 మందిలో ఇంటికి తిరిగొచ్చింది అయిదుగురే. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న గానీ పైకి తీయలేకపోయింది. అప్పటిదాకా కొన్ని కుటుంబాలు ఒడ్డున ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 10 లక్షల చొప్పున, తెలంగాణ ప్రభుత్వం ఇక్కడివాళ్లకు 5 లక్షల చొప్పున ప్రకటించాయి. అది సర్కారు దయ తలిచి ఇచ్చే సాయం, నిలదీసి అడిగే హక్కు కాదు. నీళ్లలో పోయినవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. శవం దొరక్కపోతే మరణ ధ్రువపత్రం సులువుగా రాదు. ఏడేళ్లు జాడ లేనివాణ్ణి చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్యాల చట్టం అంటుంది. బీమా సొమ్ము కోసం ఏడేళ్లు ఎదురుచూసే ఇల్లెలా నడుస్తుంది? ప్రమాద మరణం తాలూకు పేజీలో నేను మొదట వెతికింది అదే. మనిషి జాడ తెలియకపోతే ఎంతకాలానికి ఇస్తారో కొన్ని పాలసీలు విడిగా రాస్తాయి. అది ఉందో లేదో చూడకుండా నీళ్ల ప్రయాణానికి ఏ పాలసీ కొనకూడదని నా అభిప్రాయం.

తర్వాత ఒక్కో పేజీ తిప్పుతూ బామ్మర్దికి చదివి వినిపించాను.

ప్రమాదంలో పోతే ఇచ్చే సొమ్ము. "ఇది రైతుబీమా లెక్కనే" అన్నాడు. కాదు, సగమే. రైతుబీమాలో ఏ చావైనా చావే. ఇక్కడ ప్రమాదమై ఉండాలి. ఓడలో గుండెపోటు వస్తే ఈ పేజీ పనికిరాదు. పైగా ఇదే రకం కవరు మా ఇద్దరికీ ఇప్పటికే ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ఏటా బ్యాంకు ఖాతాలోంచి 20 రూపాయలు పోతాయి, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో తీసేటప్పుడు 45 పైసల బీమాకు సరే అని కొట్టాం. అది రైలు ప్రమాదానికి 10 లక్షల దాకా ఇస్తుంది. కౌంటర్‌లో కొన్న టికెట్‌కు ఆ సౌకర్యం లేదు.

టికెట్ రద్దు. ఇది అచ్చంగా పంట బీమా. ఏ కారణాలకు డబ్బు తిరిగిస్తారో వరసగా రాసి ఉంటుంది. మనిషి గానీ దగ్గరి బంధువు గానీ చనిపోవడం, ఆసుపత్రిలో చేరడం, అలాంటివి. ఆ వరసలో లేని కారణం కారణమే కాదు. పత్తికి పురుగు పట్టిందనో, మేనకోడలి పెళ్లి కుదిరిందనో ఆగిపోతే పైసా రాదు. మా ఇళ్లల్లో ప్రయాణాలు ఆగేది సరిగ్గా ఇలాంటి వాటికే.

వైద్యం. అసలు పేజీ ఇది. మా ఆవిడకు షుగరుంది. పాలసీ కొనేనాటికే ఉన్న జబ్బు వల్ల వచ్చే ఖర్చు, ముందే చెప్పి ఒప్పించుకుంటే తప్ప, చాలా ప్రయాణ పాలసీల్లో రాదు. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా సాయపడుతుందా అంటే, మన దేశపు పాలసీల్లో ఆసుపత్రి అంటే ఇన్ని పడకలు, రాత్రింబవళ్లు నర్సులు, ఆపరేషన్ గది ఉండాలని నిర్వచనం ఉంది. చేరితే మామూలుగా 24 గంటలైనా ఉండాలి. ఓడలోని చిన్న దవాఖాన ఆ లెక్కలో నిలబడదు. మూడు రాత్రుల ప్రయాణంలో పెద్ద జబ్బే చేస్తే చెన్నైలోనో పుదుచ్చేరిలోనో దించుతారు. అక్కడ మన ఇంటి పాలసీ పనిచేస్తుంది. నడిసముద్రంలో ప్రాణం మీదికొస్తే మన తీరరక్షక దళం రోగుల్ని ఒడ్డుకు చేర్చడం తన విధిగా చేస్తున్నదే.

ఇదంతా విని మా ఆవిడ తీర్పు చెప్పింది. "గోళీలు నాలుగు రోజులకు ఎక్కువనే పెట్టుకున్న. ఇగ బీమా వద్దు." బామ్మర్ది కాసేపు గునిసి ఒప్పుకున్నాడు. నేను పిల్లగాడికి ఫోన్ చేసి వద్దన్నాను.

అయితే ఒక గండానికి మాత్రం పాలసీ మీద ఆధారపడకుండా మేమే ఏర్పాటు చేసుకున్నాం. ఓడ మనకోసం ఆగదు. రైలు వరంగల్ దాటి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాక, 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిన చోటు మీదుగానే పోతుంది. ఆనాడు పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటోలు అందరం చూశాం. దక్షిణానికీ ఉత్తరానికీ ఉన్న పెద్ద దారి కొన్ని రోజులు తెగిపోయింది. మా వానాకాలంలో అదే రోజు రైలు దిగి అదే రోజు ఓడెక్కాలనుకోవడం సాహసం. పాలసీలో ప్రయాణం తప్పిపోతే అన్న పేజీ చూస్తే అది ఎక్కువగా విమానాల గురించే మాట్లాడుతున్నది. మేం మాత్రం ఓడ బయల్దేరడానికి ఒక రోజు ముందే విశాఖ చేరేలా రైలు టికెట్లు ముందుగానే తీసి ఉంచాం. ఆ రాత్రి లాడ్జి అద్దెనే నేను ప్రీమియం కింద రాసుకున్నాను. సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో బామ్మర్ది ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడి, "మన చెరువుకు కట్ట ఉంటది, దీనికి లేదు" అన్నాడు.

మర్నాడు క్రూయిజ్ టెర్మినల్. పోర్టు వాళ్లు సుమారు 96 కోట్లతో కట్టారు, 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. తనిఖీ, సామాన్ల స్కానింగ్ అంతా విమానాశ్రయంలో లాగే ఉంది. ఓడను దగ్గర్నుంచి చూసి చెల్లె, అంటే బామ్మర్ది భార్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పదకొండు అంతస్తులు. 1990లో ఫ్రాన్స్‌లో తయారై 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో అమెరికా వైపు తిరిగిన నౌక అది. ముసలితనంలో బంగాళాఖాతం చేరింది.

ఆషాఢం సముద్రం నెమ్మదిగా ఉండదు. రాత్రి భోజనాల వేళకే ఓడ ఊగడం మొదలైంది. చెల్లెకు కడుపులో తిప్పింది. పరకాల మందుల షాపులో కొన్న అవోమిన్ మాత్ర, ఇంటినుంచి తెచ్చిన నిమ్మకాయ తొక్కు సరిపోయాయి. మిగతావాళ్లం డెక్ మీద కూర్చున్నాం. అక్కడే విశాఖ దంపతులు కలిశారు. అంతకుముందు సింగపూర్‌లో ఓడెక్కి ఫుకెట్ దాకా వెళ్లొచ్చారట. ఆ ప్రయాణానికి బీమా తీసుకున్నామని, ఈ ప్రయాణానికి తీసుకోలేదని చెప్పారు. ఎందుకని అడిగితే ఆయన ఒక్క మాటన్నాడు: "అక్కడ ఒడ్డున దించితే అది మన ఒడ్డు కాదండీ."

నిజమే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలైంది గానీ, అది థాయ్‌లాండ్ ఆసుపత్రి దాకా మన వెంట రాదు. అక్కడ బిల్లు వాళ్ల డబ్బులో కట్టాలి. ఓడల్లో జబ్బులు ఎలా పాకుతాయో 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా రేవులో నిలిపేసిన 'డైమండ్ ప్రిన్సెస్' చూపించింది. 3,711 మందిలో 700 మందికి పైగా కరోనా సోకింది. ప్రయాణికులు రెండు వారాలు గదుల్లోనే ఉన్నారు. ఓడ మునగడం కన్నా ఓడలో జబ్బు పడటం ఎన్నో రెట్లు మామూలు సంగతి. అయినా బీమా అనేదే మునిగే భయమున్న ఓడల వ్యాపారంతో పెరిగింది. 1680లలో లండన్‌లో లాయిడ్ అనే ఆయన కాఫీ దుకాణంలో వర్తకులు సరుకు మునిగితే ఎవరెంత భరించాలో రాసుకున్నారు. సరుకుకు షుగరూ బీపీ ఉండవు కాబట్టి వాళ్ల పని సులువైంది.

మూడో రోజు పుదుచ్చేరి. పెద్ద ఓడ ఒడ్డుదాకా రాలేదు, దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దించుతారు. 2022లో ఇదే ఓడకు పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతే ఇవ్వలేదు. ఓడలో కాసినో ఉందన్నది అభ్యంతరం. ఇలా ఒక రేవు తప్పిపోతే టికెట్ షరతుల్లో ఓడ యాజమాన్యానికి దారి మార్చే హక్కు ఉంటుంది, చాలా బీమాలు కూడా దానికి డబ్బివ్వవు. కంపెనీయే మూతపడితే మరీ కష్టం. 2019లో ముంబై నుంచి మొదలైన జలేష్ క్రూయిజెస్ 2020లోనే ఆగిపోయింది. దాని ఓడ 'కర్ణిక' అలంగ్‌లో తుక్కు కింద పోయింది. ఏడాది తర్వాతి టికెట్‌ను చవగ్గా ఉందని ఇప్పుడే కొనేవాళ్లు దీన్ని తలుచుకోవాలి.

చెన్నైలో దిగి సాయంత్రం రైలెక్కాం. బామ్మర్ది అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ప్రయాణ బీమాలో చావు పేజీ రైతుబీమాకు దగ్గర, మిగతా పేజీలన్నీ పంట బీమాకు దగ్గర. విశాఖ నుంచి చెన్నై దాకా అయితే, ఇంట్లో ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు అది అక్కర్లేదు. ఒక రోజు ముందే రేవు చేరండి, మందులు ఎక్కువ పెట్టుకోండి. సింగపూర్ అయినా శ్రీలంక అయినా, దేశం దాటితే తప్పకుండా తీసుకోండి. ఉన్న జబ్బులన్నీ ముందే చెప్పండి, క్రూయిజ్‌కు వర్తిస్తుందని రాతలో ఉందో లేదో చూడండి. 60 దాటి రైతుబీమా పోయినవాళ్లు ఓడెక్కినా ఎక్కకపోయినా బ్యాంకులో ఆ 20 రూపాయల సురక్షా బీమా రాయించుకోండి. అది 70 ఏళ్లదాకా ఉంటుంది. ఏటా మే 31 నాటికి ఖాతాలో డబ్బు లేకపోతే ఆగిపోతుంది.