కాలువ మీద రెండు రీళ్ళు

కెమెరా రీలులో 36 బొమ్మలు. ఇంగ్లండు కాలువల మీద పడవ గంటకి 4 మైళ్ళకి మించి పోకూడదని నియమం. అంటే గట్టు మీద కుక్కని తిప్పుకుంటున్న మనిషి కూడా మనల్ని దాటుకుని వెళ్ళిపోతాడు. ఈ రెండింటికీ జోడీ బాగా కుదురుతుంది. ఫోనుంటే వారం రోజుల్లో రెండు వేల ఫోటోలు తీస్తాం, సగం టైము తీసినవి చూసుకోవడానికే పోతుంది. పోయిన వేసవిలో పడవ అద్దెకి తీసుకున్నప్పుడు నేను పట్టుకెళ్ళింది కొడాక్ గోల్డ్ 200 రీళ్ళు రెండే. 72 బొమ్మలు, ఏడు రోజులు, ఐదుగురం.

ఐదో మనిషి నాన్న. అమ్మ పోయిన ఎనిమిది నెలలకి మా దగ్గరికొచ్చారు. కాలువ గట్టునున్న ఇల్లు అమ్మేసి ఆయన్ని హైదరాబాదు తెచ్చేసుకుందామని అన్నయ్య పట్టు. నాన్న ఔననరు, కాదనరు. ఫోటో తీస్తానంటే మాత్రం చెయ్యి అడ్డం పెడతారు. "ఇంక నాకెందుకమ్మా ఫోటోలు."

మేం వెళ్ళింది లాంగోలెన్ కాలువ మీద. ఇంగ్లండులో రెన్‌బరీ దగ్గర మొదలుపెట్టి, పడమరగా వేల్స్ లోకి. పడవ వెడల్పు ఏడడుగులు, పొడవు అరవై. లోపల రైలు పెట్టెలో కాపురం పెట్టినట్టుంటుంది. ఎదురొచ్చే పడవల మీద ఎరుపు, పచ్చ రంగుల్లో గులాబీలు, కోటల బొమ్మలు. ఇక్కడ తరతరాల వాడుక అది. కింద టీ రంగు నీళ్ళు, పైన చెట్ల పచ్చదనం. ఇక్కడ బ్లాక్ అండ్ వైట్ వాడితే సగం కాలువ ఇంట్లో వదిలేసి వచ్చినట్టే.

రంగుల నెగటివ్ కి ఒక గుణముంది. వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. నీడలో పడని వివరం కడిగేటప్పుడు రమ్మన్నా రాదు. కాలువంతా చెట్ల నీడే కాబట్టి 200 ఫిల్మును 100 అనుకుని తీశాను. ఆకుల సందుల్లోంచి పడే ఎండ ఎలాగూ తన సంగతి తను చూసుకుంటుంది.

మొదటి రోజు నాన్న ముందు భాగంలో కూర్చుని నీళ్ళు చూస్తూ ఒకే మాటన్నారు. "ఇది పారుతోందమ్మా." నిజమే. ఇక్కడి కాలువల్లో నీళ్ళు చాలావరకు నిలవుంటాయి. ఇది మాత్రం డీ నది నీళ్ళని తాగునీటి కోసం హర్ల్‌స్టన్ రిజర్వాయరుకి మోసుకెళ్తుంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదివాను. ఆయన ఆకు కొట్టుకుపోవడం చూసి చెప్పారు.

లాకులు అనే మాటకి నాకు తెలుగు వెతుక్కునే పని లేదు. గోదావరి జిల్లాల్లో అది ఊళ్ళ పేర్లలో కలిసిపోయిన మాట. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. దాని కాలువలు పొలాలకి నీళ్ళే కాదు, పడవలకి దారి కూడా ఇచ్చాయి. మా తాతయ్య లాకుల దగ్గర లస్కరు. నాన్న పుట్టింది ఆ క్వార్టర్సులోనే.

ఒక పాత వంతెన కింద, రాతి అంచు మీద వేళ్ళు పట్టేంత లోతు గాళ్ళున్నాయి. పిల్లలు అడిగితే చెప్పాను. ఇంజన్లు రాకముందు గుర్రాలు గట్టు మీద నడుస్తూ పడవల్ని లాగేవి, తాళ్ళు ఒరుసుకుని రాయి అరిగింది. నాన్న ఆ గాళ్ళలో బొటనవేలు పెట్టి చూశారు. "మా దగ్గర మనుషులే లాగేవాళ్ళురా. భుజాలు అరిగేవి." పిల్లలు ఆ మాటకి నవ్వలేదు. ఆ రాయికి ఒక బొమ్మ ఖర్చుపెట్టాను.

గ్రిండ్లీ బ్రూక్ దగ్గర వరసగా ఆరు లాకులు. అందులో మూడు మెట్లలాగా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. నీళ్ళు రెండు వైపులా సమమయ్యేదాకా తలుపు ఎంత తోసినా కదలదు, సమమయ్యాక ఒక్క మనిషి చాలు. తలుపుకున్న పొడుగాటి దూలానికి వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్ని వెనక్కి నెట్టాలి. మా ఆయన బలమంతా పెట్టి తోస్తుంటే నాన్న "ఆగు బాబూ, ఇంకా బెత్తెడు తేడా ఉంది" అన్నారు. ఆగాక తనే దూలానికి వీపానించారు. అలా నెట్టేవాళ్ళ మొహం మనవైపే ఉంటుంది. చేతులు రెండూ దూలం మీద ఉన్నాయి, అడ్డం పెట్టడానికి ఖాళీ లేదు. ఒక్కటే తీశాను. ఆయనకి క్లిక్ వినిపించింది, ఏమీ అనలేదు. "ఏదీ, చూపించు" అని చిన్నది కెమెరా వెనక్కి పరిగెత్తుకొచ్చింది. అక్కడ చూడ్డానికేముంది, నల్లటి మూత.

నాలుగో రోజు పాంట్‌కసల్తె అక్విడక్టు. 1805లో తెరిచారు. డీ నదికి 38 మీటర్ల ఎత్తున, రాతి స్తంభాల మీద ఇనప తొట్టి. ఒక వైపు నడిచే దారి, కమ్మీలు. రెండో వైపు తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. పడవ గాలిలో పోతున్నట్టే ఉంటుంది. నాన్నకి పి.గన్నవరం గుర్తొచ్చింది, అక్కడా వైనతేయ మీదుగా కాలువ దాటుతుంది. అమ్మని పెళ్ళయిన కొత్తలో అక్కడికి తీసుకెళ్ళానని చెప్పారు. ఆమె పోయాక ఆమె గురించి ఆయన తనంతట తను మాట్లాడ్డం అదే మొదలు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని విన్నాను.

రీళ్ళు కడిగించి స్కాన్లు వచ్చేసరికి నాన్న ఊరెళ్ళిపోయారు. లాకు బొమ్మ ప్రింటు వేయించి పోస్టు చేశాను. ఫోన్ చేసి, "తలుపు బాగా పడింది" అన్నారు. మొహం గురించి మాట్లాడలేదు. అమ్మ ఫోటో పక్కన పెట్టారని పక్కింటి పిన్నిగారు చెప్పింది.

ఇల్లు సంగతి అన్నయ్య మొన్న మళ్ళీ ఎత్తాడు. వాదించలేదు, ఆ బొమ్మే పంపాను. చూశాడని రెండు నీలం టిక్కులున్నాయి. జవాబు ఇంకా రాలేదు.