రాజేంద్రనగర్ వరిమళ్ళలో

హైదరాబాదు నగరపు దక్షిణపు అంచున, రాజేంద్రనగర్ ప్రాంతమున, 1965లో అఖిల భారత సమన్విత వరి అభివృద్ధి పథకమునకు కేంద్రముగా వెలసి, నేడు భారతీయ వరి పరిశోధన సంస్థ యని పేరొందిన క్షేత్రమును చూచుటకై, వరి పూతకు వచ్చు ఆశ్వయుజమాసమున నేను వెళ్ళితిని. ఆ ఉదయమే ఒక ఉన్నత పాఠశాలనుండి పదవ తరగతి పిల్లలు తమ జీవశాస్త్రపు మాస్టారితో వచ్చియుండగా, క్షేత్రము చూపుటకు వచ్చిన శాస్త్రజ్ఞుడు నన్నును వారిలో కలిపివేసెను. పెద్దలయెదుట పరిభాష చాటున నిలిచిపోవు శాస్త్రము పిల్లలయెదుట బయటికి రాక తప్పదు గనుక, దీనివలన లాభపడినవాడను నేనే.

మూడుపూటల అన్నము తిను మనలో వరిపూవును చూచినవారు మిక్కిలి అరుదు. దానికి రంగురేకులు లేవు. రేపు ఊకగా మారబోవు రెండు పొట్టుల నడుమ ఆరు కేసరములును, ఈకవంటి కీలాగ్రమును ఒకేచోట ఇమిడియుండును. ప్రొద్దున పదిగంటల ప్రాంతమున పొట్టులు విచ్చుకొని కొంతసేపటికి మరల మూసుకొనును. అప్పటికే తన పుప్పొడి తనపైననే రాలియుండును. ఇట్లు స్వపరాగమునకే అలవడిన మొక్కకు వేరొక వంగడముతో సంబంధము కలుపవలెనన్నచో ముందునాటి సాయంకాలమే చిన్న కత్తెరతో గింజ కొనను కత్తిరించి, ఆరు కేసరములను నలగకుండ తీసివేసి, వెన్నుకు కాగితపు సంచి తొడిగి, మరునాటి ఉదయమున తండ్రిమొక్క వెన్నును దానిపై విదల్పవలెను. మేము చూచినది ఆ విదల్చుటనే. ఆ పని చేయుచున్న స్త్రీ ఎవరివంకను చూడలేదు. పూత ఆమెకొరకు ఆగదు గదా! అట్లు కట్టిన గింజ, కత్తిరించిన పొట్టులోనుండి తల బయటపెట్టి, సంకరపు గింజ యని తానే చెప్పుకొనును.

పొడవు వంగడమును పొట్టి వంగడముతో సంకరించిన నేమగునని శాస్త్రజ్ఞుడు అడుగగా, పిల్లలలో సగముమంది మధ్యరకము వచ్చుననిరి. తల్లిదండ్రుల లక్షణములు పాలు నీళ్ళవలె కలిసిపోవునను ఈ భావము పండితులలోను చిరకాలము నిలిచినదే. తైవాను దేశపు తైచుంగ్ నేటివ్ 1 వంటి పొట్టి వరిని మన పొడవు వరితో కలిపినప్పుడు తొలితరము మొక్కలన్నియు పొడవుగనే పెరుగును. వానిని తమలో తాము ఫలింపనిచ్చి రెండవతరము నాటినప్పుడు, పోయినదనుకొన్న పొట్టితనము నాలుగింట ఒకవంతు మొక్కలలో తరుగక తిరిగివచ్చును. బ్రన్ నగరపు మఠములో బఠానీలను పెంచిన గ్రెగర్ మెండెల్ 1866లో ప్రకటించిన వ్యాసమున రెండవతరమున పొడవువి 787, పొట్టివి 277 అని లెక్క వ్రాసెను. ప్రతి లక్షణమునకు మొక్కలో రెండు కారకములుండుననియు, బీజకణములు ఏర్పడునప్పుడు అవి విడిపోయి ఒక్కొక్క కణమున ఒక్కటియే చేరుననియు, రెండును కలిసియున్నప్పుడు ఒకటి బహిర్గతమై రెండవది అంతర్గతముగా నుండుననియు ఆతడు ఊహించెను. ఈ కారకములకే జన్యువులను పేరు తరువాత వచ్చినది.

మన పాఠశాలలలో 3:1 అను నిష్పత్తిని ఎక్కమువలె వల్లెవేయించుటను నేనెన్నడును మెచ్చుకొనలేదు. మెండెల్ లెక్కనే భాగించి చూడుడు; సరిగా మూడు రాదు, 2.84 వచ్చును. అది సంభావ్యతయే గాని శాసనము కాదు. నాలుగు మొక్కలే నాటినచో 100కి 30కి పైగా సందర్భములలో పొట్టిది ఒక్కటియు మొలవకపోవచ్చును. ఆతడు వేలకొలది మొక్కలను పెంచిన కారణమిదియే.

తరువాత మమ్ము సాంబమసూరి మడులకు తీసికొనిపోయిరి. బాపట్ల పరిశోధనస్థానమునుండి 1986లో విడుదలయై, బి.పి.టి. 5204 అను సంఖ్యతో రైతుల నోళ్ళలో నానిన ఈ సన్నబియ్యము వంశమే ఒక భూగోళపాఠము: జి.ఇ.బి. 24 అను తమిళదేశపు వరికి తైవాను పొట్టివరిని కలిపి, ఆ సంతతిని మలయా దేశమునుండి వచ్చిన మసూరితో సంకరింపగా పుట్టినది. రుచిలో దీనికి సాటి తక్కువ. బాక్టీరియా ఆకుఎండు తెగులుకు మాత్రము ఇట్టే లొంగిపోవును. ఈ కొరత తీర్చుటకు ఈ సంస్థవారును, నగరములోని సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధన కేంద్రమువారును కలిసి, ఎక్స్ఎ21, ఎక్స్ఎ13, ఎక్స్ఎ5 అను మూడు నిరోధక జన్యువులను దీనిలోనికి తేదలచిరి. మొదటిది ఆఫ్రికా అడవివరినుండి వచ్చినది, బహిర్గతము. తక్కిన రెండును అంతర్గతములు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. సాంబమసూరి గుణములు చెడకుండ నిలుపుటకై సంకరసంతతిని తరతరమును మరల సాంబమసూరితోనే కలుపవలెను. దీనిని పశ్చ సంకరణమందురు. మొదటిమారు సాంబమసూరి అంశ సగటున 75 శాతము, తరువాత 87.5, 93.75, నాలుగవమారు దాదాపు 97. కాని ప్రతిమారును అంతర్గత జన్యువులు ఒంటరిగా దాగియుండి తమ ఉనికిని ఆకుపై చూపవు. మొక్క తెగులును తట్టుకొన్నను, అది ఎక్స్ఎ21 ప్రభావమే కావచ్చును.

"మరి లోపల ఉందో పోయిందో ఎట్ల తెలుస్తది సార్?" అని ఒక బాలిక అడిగెను.

ప్రయోగశాలలో దానికి సమాధానము చూపిరి. లేతాకు ముక్కనుండి డీఎన్‌ఏ తీసి, ఆ జన్యువును గుర్తించు భాగమును పీసీఆర్ యంత్రమున పెంచి, జెల్‌పై పరుగెత్తించినచో, పొలములో మౌనముగా నున్న జన్యువు గీతయై కనబడును; రెండు రూపములు గల మొక్కకు రెండు గీతలు, ఒకే రూపము గలదానికి ఒకటి. మూడు జన్యువులును వరి 12 జతల క్రోమోసోములలో వేర్వేరు జతలపై, 5, 8, 11 సంఖ్యలవానిపై నుండుటచేత ఒకదానితో ఒకటి నిమిత్తము లేక విడిపోవును; మెండెల్ స్వతంత్ర వ్యూహన సూత్రమిదియే. కనుక పశ్చ సంకరణమున మూడును చేరిన మొక్క ఎనిమిదింట ఒకటి. చివర స్వపరాగమున మూడును జంటలుగా స్థిరపడినది 64లో ఒకటి. ఆ ఒక్కదానిని వెదకి పట్టి, స్థిరపరచి, పరీక్షించి, 2008లో మెరుగైన సాంబమసూరిగా విడుదల చేసిరి.

పాత, కొత్త సాంబమసూరులు ప్రక్కప్రక్క మడులలో నున్నవి. బాక్టీరియా కలిపిన నీటిలో ముంచిన కత్తెరతో రెండింటి ఆకుకొనలను రెండువారములకు పూర్వము కత్తిరించియుండిరి. పాతదానిపై ఎండు చాలదూరము దిగియుండగా, కొత్తదానిపై కత్తెర గాటువద్దనే ఆగినది. గింజలను మాత్రము పిల్లలు అరచేతిలో పోసికొని ఎంత పరికించినను వేరుచేయలేకపోయిరి. ఒక్క జన్యువు చాలదా, మూడెందుకని మాస్టారే అడిగిరి. బాక్టీరియా కూడ మారుచుండుననియు, ఒక తాళము తీయ నేర్చిన తెగ పుట్టవచ్చును గాని మూడింటిని ఒకేమారు తీయగలది పుట్టుట మిక్కిలి అరుదనియు చెప్పి, శాస్త్రజ్ఞుడు ప్రక్క మడివైపు నడిచెను.