కొత్తనీళ్ళు

మా అవ్వావాళ్ళ ఊరు చంద్రగిరికి దిగువన, స్వర్ణముఖి గట్టున. అందరికీ ఎండాకాలం సెలవులంటే సంబరం గానీ మాకు దసరా సెలవులే సెలవులు. ఎండాకాలం పోతే ఏట్లో ఇసుక తప్ప ఏముంటుంది? కోస్తాలో వానలు వెనకబట్టే వేళకు మా చిత్తూరు సీమలో మొదలవుతాయి. ఆశ్వయుజంలో నాలుగు చినుకులు, కార్తీకంలో ముసురు, ఏదో ఒక రాత్రి ఏరు వచ్చేది. తెల్లారేసరికి ఊరంతా గట్టు మీదే. కొత్తనీళ్ళు చూడడానికి ముసలీ ముతకా కూడా వచ్చేవాళ్ళు, చంకలో పిల్లల్ని వేసుకుని ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు.

తొండవాడ దగ్గర స్వర్ణముఖిలో భీమ, కల్యాణి కలుస్తాయి. అక్కడి అగస్త్యేశ్వరుడి గుడిని మావైపు ముక్కోటి అనే పిలుస్తారు. మూడు ఏళ్ళు కలిసే చోటు గనక ఏ ఏరు వచ్చింది, ఎక్కడ కురిసింది అనేది పెద్ద పంచాయితీ. దాన్ని తేల్చేది మా తాత. పంచె ఎగగట్టి మోకాలు లోతు దిగి, దోసిట్లో నీళ్ళు పట్టి, ఎండకు ఎత్తి చూసేవాడు. వాసన చూసేవాడు. ఒక్కోసారి పుక్కిలించి ఉమ్మేవాడు.

"ఇవి కొండనీళ్ళురా అబ్బోడా. ఆకు మురిగిన వాసన రాలా? యాడో అడివిలో గురిసుండాది."

ఇంకోసారి నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉంటే మొహం మాడ్చుకునేవాడు. "చేన్ల మీద గురిసిన వాన. గెనాలు తెగినట్టుండాయి. మన్నంతా ఏటి పాలాయె." ఆ రోజు ఇంటికి పోయినాక ఎవురితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. చెనక్కాయ చేన్లో పైమన్ను పోతే ఏం పోతుందో ఆయనకు తెలుసు.

నీళ్ళు తేరుకున్నాక అసలు మా రాజ్యం మొదలయ్యేది. ఏటికి అవతల, గుట్ట అంచున ఒక వంక ఉండేది. దాంట్లో గుండ్రాళ్ళు. నీళ్ళు పారడం మొదలైన పదిహేను ఇరవై రోజులకు ఆ రాళ్ళ మీద పల్చగా, గోధుమ రంగులో పొర కట్టేది. పచ్చగా, పోగులు పోగులుగా ఉండే పాసి వేరు, ఇది వేరు. దీన్ని చూస్తే పాసి అనిపించదు, రాయికి తేనె పూసినట్టు ఉంటుంది. అడుగు పెట్టామా, అంతే. మా పెద్దమ్మ కొడుకు చెయ్యి విరిగింది ఆ వంకలోనే. "జారుతాది, పదిలం, పదిలం" అని అవ్వ గట్టు మీద నుంచి అరుస్తానే ఉండేది.

ఒక రాయి ఎత్తి బొటనవేలితో రుద్దితే పొర లేచి వచ్చేది. మొదట మెత్తగా, బంకగా ఉంటుంది. వేళ్ళ మధ్య ఇంకాస్త నలిపితే సన్నటి గరుకు తగులుతుంది, ఇసుక కంటే సన్నం. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా నీళ్ళలో పడితే ఆ పొర కింద బుడగలు పుట్టేవి. బుడగలు పెద్దవయ్యే కొద్దీ పొర ఉబ్బి, అంచున చిరిగి, ముక్కలు ముక్కలుగా పైకి తేలేది. కప్పపిల్లలు రాళ్ళకు మూతులు ఆనించి ఆ పొరనే గీకి తినేవి. అవి తిన్నంత మేర రాయి తెల్లగా బయటపడేది. మాఘం నాటికి వంక ఎండిపోయేది. అప్పుడు రాళ్ళ మీద బూడిద రంగు పక్కు మిగిలేది, ఊదితే లేచిపోయేది.

ఆ పొర ఏమిటో తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. ప్రాక్టికల్స్‌కు ఎవరి నీళ్ళు వాళ్ళు తెచ్చుకోమన్నారు. కొందరు కపిలతీర్థం నీళ్ళు తెచ్చారు, కొందరు హాస్టల్ తొట్టి నీళ్ళు. నేను ఊరికి పోయి వంకలో రాయి గీకి సీసాలో తెచ్చాను. స్లైడు మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే, తేనె రంగు గింజలు కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని కదులుతున్నాయి. కాళ్ళు లేవు, తోక లేదు. కోలగా ఉన్నది ఒకటి నెమ్మదిగా జరిగి, ఒక మట్టి రేణువు తగిలి ఆగి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. మా బెంచీలో వాళ్ళందరం వంతులు వేసుకుని చూశాం.

అవి డయాటమ్‌లు. ఒక్క కణమే ఒళ్ళంతా. ఆ కణం చుట్టూ గాజు గూడు, అంటే సిలికా. ఆ గూడు సబ్బుపెట్టె తీరుగా రెండు భాగాలు, కింద పెట్టె, పైన మూత. కణం రెండుగా చీలినప్పుడు ఒకటి మూతను, ఇంకొకటి అడుగు పెట్టెను పంచుకుంటాయి. ఏది తీసుకున్నా దాన్నే మూతగా చేసుకుని, లోపల ఇమిడేలా కొత్త అడుగు కట్టుకుంటుంది. అందుకని తరం తరానికీ వాటిలో సగం కొంచెం కొంచెం చిన్నవవుతూ పోతాయి. మరీ చిన్నవైనాక రెండు కణాలు కలిసి, గూడు వదిలేసి, మళ్ళీ పెద్ద కణంగా మొదలవుతాయి. పత్రహరితం వీటిలోనూ ఉంది గానీ ఫ్యూకోజాంథిన్ అనే ఇంకో రంగు దాన్ని కప్పేస్తుంది, అందుకే గోధుమ వన్నె. కొన్నిటికి గూటి పొడవునా సన్నటి చీలిక ఉంటుంది. దాంట్లోంచి బంక వదిలి దాని మీద జారుతూ పోతాయి. మా పెద్దమ్మ కొడుకు చెయ్యి విరగ్గొట్టింది ఆ బంకే. ఇక బుడగలు ఆక్సిజన్. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో ఐదో వంతు దాకా డయాటమ్‌లదేనని లెక్క. అందులో ఎక్కువ భాగం సముద్రాల్లో జరిగేదే అయినా, మా వంకకూ అందులో పిసరంత వాటా ఉంది కదా.

గూటికి కావలసిన సిలికా నీళ్ళలో కరిగి ఉండాలి. మా కొండల్లో సిలికాకు కరువేముంది అనుకుంటాం. తిరుమల ఘాట్ రోడ్డెక్కుతుంటే పక్కన నిట్టనిలువుగా నిలబడ్డ ఎర్రటి రాతిగోడలన్నీ క్వార్ట్‌జైటే, అంటే కాస్త అటూ ఇటూగా అంతా సిలికాయే. కానీ ఆ రాయి మొండిది, నీళ్ళకు అంత తేలిగ్గా లొంగదు. దాని కింద ఉన్న పాత గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ ఉంటుంది. అది మెల్లగా మన్నయ్యేటప్పుడు సిలికాను నీళ్ళలోకి వదులుతుంది. కొండ నెత్తిన సిలికా ఉంటే, డయాటమ్‌లకు అందేది ఎక్కువగా కొండ పాదాన ఉన్న రాతి నుంచి. ఈ రెండు రాళ్ళూ కలిసే చోటు ఘాట్ రోడ్డు పక్కనే కనబడుతుంది. ఇపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అని బోర్డు పెట్టారు. కింది రాయికీ పై రాయికీ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ళ కాలం రాయి రూపంలో లేకుండా పోయిందంటారు. డయాటమ్‌ల శిలాజాల్లో బాగా పాతవే 19 కోట్ల ఏళ్ళు దాటవు. మా రాళ్ళ ముందు అవి నిన్న మొన్నటివి. బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు జనం గోవిందా అంటారు, ఆ బోర్డు చదివేవాళ్ళు తక్కువ. నేనూ గోవిందా అంటాను, చదువుతాను కూడా.

రాళ్ళ సంగతి అలా ఉంచితే, డయాటమ్‌లకు ఏరే ఉండాలని లేదు. అవ్వావాళ్ళ ఇంటి వెనక మట్టిగోడ ఉండేది. వానాకాలంలో దాని పాదం వెంబడి తడి ఎక్కి, జానెడు ఎత్తున చారిక పడేది. అక్కడా ఉంటాయి. బావి మెట్ల సందుల్లో ఉంటాయి. తొలివానకు దున్ని వదిలిన చేను మీద నాలుగు రోజులకు మన్ను పైన సన్నటి చర్మం కడుతుంది చూడండి, అక్కడా ఉంటాయి. హాంట్‌షియా, పిన్నులేరియా, లూటికోలా వంటివి మన్నులో కాపురముండే రకాలు. వీటి గొప్పంతా ఎండకు ఓర్చుకోవడంలో ఉంది. చేను నెర్రెలిచ్చినా పైమన్నులో అలాగే పడి ఉండి, మళ్ళీ తడి తగలగానే లేస్తాయి. మా సీమలో బతకాలంటే మనిషికైనా పైరుకైనా ఆ గుణమే కావాలి.

ఏటి ఇసుకలోనూ ఉంటాయి. వేసవిలో స్వర్ణముఖిలో చెలమలు తవ్వేవాళ్ళం. రెండడుగులు తోడితే చుట్టూ నుంచి నీళ్ళు ఊరేవి. మొదటి కడవ పారబోసి, తేరుకున్నాక ముంచుకునేవాళ్ళం. ఒక్కో ఇసుక రేణువుకు గుంటలు, పగుళ్ళు ఉంటాయి. బాగా చిన్న డయాటమ్‌లు వాటిలో అతుక్కుని ఉంటాయి, రేణువు దొర్లినా ఊడిపోవు. ఇప్పుడు ఇసుకే లేదు. లారీలకెక్కి ఎటు పోయిందో అందరికీ తెలుసు, ఏటి అడుగున బంకమన్ను, ముళ్ళచెట్లు మిగిలాయి.

మన్నులో ఒక రకం, రాతి మీద ఒక రకం, ఇసుకలో ఒక రకం. ఈ తేడానే పట్టుకుని 2009లో లక్సెంబర్గ్‌లో లారెంట్ ఫిస్టర్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు ఒక మంచి పనికి దిగారు. వాన పడేటప్పుడు వాగులో నీళ్ళు పట్టి, వాటిలో మన్ను డయాటమ్‌లు ఎన్ని, నీటి డయాటమ్‌లు ఎన్ని అని చూడడం. మన్ను రకాలు పెరిగాయంటే, వాన నీళ్ళు వాలు మీది నేలను కడుగుతూ వాగులోకి దిగాయన్నమాట. వాన ఎక్కడ కురిసింది, ఏ దారిన ఏట్లోకి వచ్చింది అనేది నీళ్ళలోని ప్రాణులనే అడిగి తెలుసుకునే పద్ధతి ఇది. నేను ఆ వ్యాసం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా తాత దోసిట్లో చూసిన నీళ్ళను వాళ్ళు సీసాలో చూశారు. లెక్కలు వాళ్ళవి పక్కాగా ఉంటాయి, అది ఒప్పుకోవలసిందే.

1977లో కల్యాణి మీద డ్యాం వచ్చింది. తిరుపతికి తాగునీళ్ళు అందాయి, అది చిన్న మేలు కాదు. దిగువకు మాత్రం ఆ కొండనీళ్ళు రావడం తగ్గింది. "ఇప్పుడు ఏరొచ్చినా వాసన తెలవడంలేదురా" అనేవాడు తాత.

నీళ్ళు పాడైతే డయాటమ్‌లు పోతాయనుకుంటారు. పోవు, మారతాయి. గాలి బాగా కలిసిన తేట నీళ్ళలో అక్నాంథిడియం వంటి సన్నవి రాతిని కరుచుకుని ఉంటాయి. మురుగు కలిసిన చోట నిట్షియా పేలియా వంటివి పెచ్చుమీరతాయి. తిరుపతికి ఎగువన ఒక రాయి, దిగువన ఒక రాయి గీకి చూస్తే ఊరు నడుమ ఏం జరిగిందో తెలుస్తుంది. ఒక్క పూట పట్టిన నీళ్ళ పరీక్ష ఆ పూట సంగతే చెబుతుంది. రాతి మీది పొర కొన్ని వారాలుగా అక్కడే ఉండి అంతా అనుభవించింది కదా. మన తెలుగువాళ్ళలో ఈ దారిన ముందే నడిచినవారు ఉన్నారు. ఉస్మానియాలో వి. వెంకటేశ్వర్లుగారు మూసీ నది ఆల్గేను, అందులో డయాటమ్‌లను, నీటి కాలుష్యంతో కలిపి చదివి 1969లో ప్రచురించారు. మూసీ పేరు చెబితే ముక్కు మూసుకునే రోజులు ఇంకా రాకముందు మాట అది.

అంతకు ముప్ఫై ఏళ్ళ కిందటే, 1939లో, జి. వెంకటరామన్ దక్షిణ దేశపు డయాటమ్‌ల మీద పెద్ద వ్యాసం రాశారు. ఆ తర్వాత హెచ్.పి. గాంధీ పశ్చిమ భారతం నీళ్ళన్నీ గాలించారు. ఆ పని ఇప్పటికీ ముగియలేదు. 2024లో పుణెలోని అఘార్కర్ సంస్థవాళ్ళు తూర్పు కనుమల్లోని ఒక తేటనీటి నదిలో కొత్త ప్రజాతినే కనుక్కున్నారు. మన దేశం పేరు కలిసేలా ఇండికోనీమా అని పెట్టారు. దాని దగ్గరి చుట్టాలకు గూటి పాదం వైపు మాత్రమే చిల్లుల గుంపు ఉంటే, దీనికి తలవైపు కూడా ఉంది. ఇది పడమటి కనుమల్లో దొరికి ఉంటే నాకు అంత ఉషారు కలిగేది కాదు. మా శేషాచలం తూర్పు కనుమల్లోదే.

శేషాచలం 2010లో బయోస్పియర్ రిజర్వు అయింది. ఎర్రచందనం గురించి రాసేవాళ్ళున్నారు, బంగారు బల్లి గురించి రాసేవాళ్ళున్నారు. రాతి మీది గోధుమ పొరకు అంత పేరు రాలేదు. పోనీ, దీనికి అయ్యే ఖర్చేమీ లేదు. వాడి పారేసిన పళ్ళ బ్రష్షు ఒకటి, మూత గట్టి సీసా ఒకటి చాలు. వెలుతురు పడే చోట, నీళ్ళు పారే చోట రాయి ఎత్తి, పై ముఖం మాత్రం బ్రష్షుతో తోమి, ఆ నీళ్ళు సీసాలో పోసుకోవాలి. సీసా మీద తేదీ, చోటు రాయాలి. తర్వాత లాబ్‌లో ఆసిడ్‌తో ఉడికించి కణంలోని సరుకంతా పోగొడితే గాజు గూళ్ళు మిగులుతాయి, వాటి మీది గీతలు, చుక్కలు చూసి జాతి తేలుస్తారు. తలకోనకు పోయే కుర్రాళ్ళకు నేను చెప్పేది ఒకటే, జలపాతం కింద సెల్ఫీ అయ్యాక పక్క పాయలో ఒక్క రాయి ఎత్తండి అని. కార్తీకం చివర పొండి. వాన వెలిసిన మర్నాడే మాత్రం వద్దు. ఏరు ఉరికినప్పుడు రాళ్ళు దొర్లి పొరంతా కొట్టుకుపోతుంది, 2021 నవంబరు వరదకు అయితే రాళ్ళే చోటు మారాయి. రెండు మూడు వారాలు ఆగితే మళ్ళీ పట్టుకుంటుంది. చెప్పులు ఒడ్డునే విడిచి దిగండి, రబ్బరు చెప్పులైతే ఇంకా జారతాయి.